వెండి తీగెల గిటారు

మా అత్తగారింట్లో ఇనుముకు మర్యాద ఉండేది కాదు. ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాళ్ల వీధి మాది. ఆ వీధిలో ఇనుమంటే సుత్తి, పట్టకారు, ఆకురాయి. పని చేయించుకోవడానికే గానీ గొప్పగా చెప్పుకోవడానికి కాదు. మా మామ అయితే ఇంకొక మెట్టు ఎక్కువ. గోడకు మేకు కొట్టాల్సి వచ్చినా "కమ్మరోళ్ల పని మనకెందుకు?" అని పక్క వీధి నుంచి మనిషిని పిలిపించేవాడు. నేను పులివెందుల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో వెంట ఒక ఇనుప పెట్టె తెచ్చుకున్నాను. దాన్ని పని చేసే వసారాలో పెట్టానని, తీయించి దొడ్లో పెట్టించాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పెట్టెను మళ్లీ తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టాను. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి కొంచెం భయమూ, కొంచెం గౌరవమూ ఏర్పడ్డాయి.

కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు నా పెండ్లి అయింది. రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత జరిగిన సంగతి ఇప్పుడు చెబుతున్నది. అప్పటికి మా అత్త లేదు. ఇంట్లో మామ, మా ఆయన, నేను, అంతే.

మామకు పేరు తీగె పనిలో. బంగారు కడ్డీని కమ్మచ్చులో లాగి లాగి వెంట్రుకంత సన్నం చేసేవాడు. కమ్మచ్చు అంటే ఒక ఉక్కు పలక. దాని నిండా బొక్కలు, వరసగా ఒకదానికంటే ఒకటి చిన్నవవుతూ పోతాయి. పెద్ద బొక్కలోంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే దాటించుకుంటూ పోతే కడ్డీ తీగె అవుతుంది. మా మామ కమ్మచ్చు ఆయన తాత వాడినది. ఇనుముకు మర్యాద లేని ఆ ఇంట్లో ఆ ఒక్క పలకకు మాత్రం రోజూ పొద్దున్నే బొట్టు పెట్టేవాడు. జమ్మలమడుగు నుంచీ పెండ్లిమర్రి నుంచీ కూడా గొలుసుల కోసం ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. "ఆయప్ప లాగిన తీగె మీద చీమ పోయినా జారి పడుతుంది" అని చెప్పుకునేవాళ్లు. అంత నునుపు.

మా ఆయనకు ఆ పని అబ్బలేదు. కుంపటి ముందు కూర్చుంటే ఊపిరాడదనేవాడు. మిషన్లంటే ఇష్టం, ఫిడేలంటే ప్రాణం. పత్తి గింజ తీసే మిల్లులో ఫిట్టరుగా చేరాడు. సాయంత్రాలు ఫిడేలు. జమ్మలమడుగులో ఒక నాటకాల జట్టు ఉండేది. వాళ్లు ఎక్కడ ఆడినా ఈయన పోయి వాయించి వచ్చేవాడు. మామకు అది గిట్టేది కాదు. కొడుకు ఫిడేలు తీస్తే ఆయన వసారాలో సుత్తి తీసేవాడు. ఇటు ఫిడేలు, అటు టకటకా దెబ్బలు. మధ్యలో వంటింట్లో నేను. "మీ ఇద్దరి కచేరీకి నా చెవులు పోతాండాయి" అని అరిస్తే ఇద్దరూ ఒకేసారి ఆపేవాళ్లు.

పత్తి బాగా వచ్చిన ఒక ఏడాది, మిల్లు పగలూ రాత్రీ తిరుగుతున్న రోజుల్లో, మిషను బెల్టు మా ఆయన ఎడమ చేతిని లాగేసింది. ఎద్దులబండిలో కాదు, ఎవరిదో కారు దొరికింది, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయారు. చేయి నిలిచింది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. తక్కిన మూడూ పోయాయి.

ఫిడేలు వాయించే మనిషికి ఎడమచేతి వేళ్లు పోవడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. అందరూ "కుడిచేయి బాగుంది గదా, బతకచ్చులే" అన్నారు. మిల్లువాళ్లు కూడా గేటు దగ్గర కూర్చుని లెక్క చూసే పని ఇచ్చారు. బతకడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆయన ఫిడేలు తీసి ఆ జట్టులోనే ఒక కుర్రవాడికి ఇచ్చేసి వచ్చాడు. వచ్చాక తువ్వాలు ఎడమచేతికి చుట్టుకుని కూర్చున్నాడు. ఆ తువ్వాలు ఇంట్లో కూడా తీసేవాడు కాదు. అడిగినదానికి ఊ, ఊహూ. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నాతో పోట్లాడటం కూడా మానేశాడు. అదే నాకు అన్నిటికంటే భయం వేసింది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, నా మొగుడు మాత్రం ఎక్కడికో పోయాడు.

మామ సాయంత్రాలు సుత్తి పట్టడం మానేశాడు. ఎదురు వాయించేవాడు లేనప్పుడు కొట్టి ఏం లాభం అనుకున్నాడేమో.

మా వీధి చివర రేడియోలు బాగుచేసి, మైకు సెట్టు అద్దెకిచ్చే భాయ్ ఒకాయన ఉండేవాడు. నాటకాలకు మైకు ఆయనదే. మా ఆయనకు మంచి స్నేహితుడు. రేడియో వాల్వుల కోసం మద్రాసుకు పోయి వస్తూ ఒకసారి ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చి మా వసారాలో దించాడు. లోపల నున్నగా చెయ్యని ఒక కొయ్య పలక, తీగెలు బిగించే బిరడలు, తీగెలు ఆనించే రెండు ముక్కలు, రాగితీగె చుట్టిన చిన్న డబ్బీ, తీగెల పొట్లం, వేలంత ఉక్కు కడ్డీ, బొమ్మలు వేసిన ఒక కాగితం ఉన్నాయి. కరెంటు గిటారుకు కావలసిన విడి భాగాలట. అంగట్లో ఉన్నవాటిలోకెల్లా చవక రకమట. మనమే బిగించుకోవాలట.

"అన్నా, ఇది ఒళ్లో పండబెట్టుకొని వాయించేది" అన్నాడు భాయ్. "ఎడంచేత్తో తీగెలు నొక్కే పని ల్యా. ఈ కడ్డీని బొటనేలుకీ చూపుడేలుకీ మధ్యన పట్టుకొని తీగెల మీద జరపడమే. నీకు ఆ రెండేళ్లూ ఉండాయి గదా."

మా ఇంట్లో అన్ని నెలలుగా వేళ్ల మాట ఎత్తినవాళ్లు లేరు. భాయ్‌ని బయటికి పొమ్మందామా అనుకున్నాను. ఇంతలో మా ఆయన తువ్వాలు విప్పాడు. కడ్డీని ఆ రెండు వేళ్లతో పట్టుకున్నాడు. జారి కింద పడింది. మళ్లీ తీసి పట్టుకున్నాడు.

"యాడ చూసినావు దీన్ని?" అని అడిగాడు.

"మద్రాసులో సినిమా పాటలకు వాయిస్తాండారు. ఏడిపిస్తాండారన్నా జనాన్ని."

అలా మొదలైంది. మా ఆయన మిల్లు నుంచి రాగానే ఇద్దరం వసారాలో కూర్చునేవాళ్లం. పలకను నేను రెండు చేతులతో అదిమి పట్టుకుంటే ఆయన కుడిచేత్తో గరుకు కాగితం పెట్టి రుద్దేవాడు. నేను కదిలిస్తే కసురుకునేవాడు. ఆ కసురు కోసమే ఒకటి రెండుసార్లు కావాలని కదిలించాను. భాయ్ వచ్చి కాగితంలో బొమ్మలు చూసి డబ్బీ నుంచి వైర్లు అతికేవాడు. సీసం కరిగించి బొట్టు పెట్టే ఆ అతుకు చూసి మామ తన పీట మీద నుంచే నవ్వేవాడు.

"అదేం అతుకప్పా? చీమిడి తుడిచినట్టుంది."

"మీ బంగారపు అతుకులో కరెంటు పోదు మామా, మాదాంట్లో పోతుంది" అనేవాడు భాయ్.

పలక మీద మెట్లకు గుర్తుగా అడ్డగీతలు గియ్యాలి. ఒక కొస నుంచి ఇంకో కొసకు అవి దగ్గరవుతూ పోతాయి. ఆ కొలతలన్నీ మా ఆయన ఫిట్టరు స్కేలు పెట్టి గీసుకున్నాడు. అప్పటిదాకా దూరంగా ఉన్న మామ ఆ గీతలు చూశాక దగ్గరికి వచ్చాడు. తన సన్నటి ఉలి తీసి ఆ గీతలను కొయ్యలో చెక్కి, అందులో ఇత్తడి రేకు పొదిగాడు. బంగారానికి మెరుగు పెట్టే రాయితో పలకంతా రుద్దాడు. చవక కొయ్య కాస్తా పెద్దింటి వీణలా అయింది. తండ్రీ కొడుకులు ఒక వస్తువు మీద కలిసి వంగడం నేను ఆ ఇంటికి వచ్చాక అదే మొదలు.

అప్పుడే జమ్మలమడుగు జట్టు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. తిరునాళ్లకు నాటకం ఉందని, వాయించేదానికి ఇంకొకరిని చూసుకోవాలా అని అడిగాడు. ఫిడేలు తీసుకున్న కుర్రవాడికి చేయి ఇంకా తిరగలేదట. మా ఆయన "చూసుకోండప్పా" అన్నాడు. నేను వంటింట్లోంచి బయటికి వచ్చి "యాడా చూడాకండి. తిరునాళ్ల దాకా ఆగండి. ఈయనే వస్తాడు" అన్నాను. మొగవాళ్ల మాటల్లో ఆడది దూరిందని ఆ పెద్దాయన ముఖం అదోలా పెట్టాడు. పెడితే పెట్టాడు. ఈ ఒక్క తిరునాళ్ల దాటిపోతే మా ఆయన మళ్లీ ఆ తువ్వాలు చుట్టుకుంటాడని, ఇక విప్పడని నాకు తెలుసు.

ఇక తీగెలు బిగించడమే మిగిలింది. పొట్లం విప్పితే తీగెల మీద అక్కడక్కడా ఎర్రగా తుప్పు మచ్చలు. సముద్రపు గాలికి అంగట్లో పడి ఉండి పట్టి ఉంటుంది. మామ ఒక తీగె తీసి వేళ్ల మధ్య లాగి చూసి, మొహం చిట్లించాడు.

"ఇనుపవి. అందులోనూ తుప్పువి. ఇంట్లో కమ్మచ్చు పెట్టుకొని నా కొడుకు చేతికి తుప్పు తీగెలా?"

మా ఆయన ఏదో అనబోయాడు. మామ వినిపించుకోలేదు. వీధిలో పాతసామాన్లవాడు అరుస్తుంటే పొట్లానికి పొట్లం వాడికిచ్చి ఒక దోసెడు వేరుశనగ బుడ్డలు పోయించుకు వచ్చాడు. వాటిని మాకూ పంచి, తనూ తింటూ కుంపటి రాజేశాడు. మా అత్త కాళ్ల కడియాలు ఆయన పెట్టెలో ఉండేవి. ఎవరికీ చూపించేవాడు కాదు. వాటిని తీసి కరిగించాడు. వెండిలో కొంచెం ఇత్తడి కలిపి గట్టి చేసి, సన్నం నుంచి లావు దాకా ఆరు తీగెలు లాగాడు. ఒక్కొక్కటీ పీట మీద పరిచి చూపిస్తుంటే ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొడుకును ఏనాడూ దగ్గరికి తీసుకోని మనిషి, పెండ్లాం కడియాలను ఆ కొడుకు ఒళ్లో పెట్టాడు. మా ఆయన ఆ తీగెల మీద వేలు రాసి తల వంచుకున్నాడు.

"వెండా? అయితే ఇంకా మంచిది" అన్నాడు భాయ్. "వెండిలో కరెంటు నీళ్లు పారినట్టు పారుతుంది."

ముగ్గురూ పని తెలిసినవాళ్లే. ఎవరి విద్యలో వాళ్లు గట్టివాళ్లే.

భాయ్ మైకు సెట్టు తెచ్చి వసారాలో పెట్టాడు. వైరు తగిలించాడు. మైకు గొట్టం గుర్రుమంది. వీధిలో జనం చేరారు. మా ఆయన గిటారు ఒళ్లో పెట్టుకుని, కడ్డీ ఆనించి, కుడిచేత్తో మీటాడు. గొట్టంలో అదే గుర్రు. మళ్లీ మీటాడు. తీగెలు అదురుతున్నాయి, కొయ్య మీద నుంచి సన్నగా వినపడుతోంది కూడా. గొట్టంలో మాత్రం ఏమీ లేదు. భాయ్ చెమటలు తుడుచుకుంటూ అన్నీ విప్పి మళ్లీ బిగించాడు. స్క్రూడ్రైవరుతో డబ్బీ మీద తట్టితే గొట్టం టక్కుమంటోంది. తీగె మీటితే మౌనం. "డబ్బీ మంచిదే, మైకు మంచిదే, మరి ఏందిది?" అని తల పట్టుకున్నాడు. చూసిన జనం కొంతసేపు నిలబడి ఎవరి దారిన వాళ్లు పోయారు.

డబ్బీ మీది రాగితీగె విప్పి మళ్లీ చుట్టారు. వాల్వులు మార్చారు. ఏం చేసినా అంతే. ఒక సాయంత్రం మా ఆయన గిటారును పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టాడు.

"వేళ్లతోనే పోయింది. ఇంగ దాని మాటెత్తాకండి" అన్నాడు.

తువ్వాలు మళ్లీ చేతికెక్కింది. ముందు కంటే ఈసారి అధ్వానం. ముందు ఆశ లేదు కాబట్టి దిగులే ఉండేది. ఇప్పుడు ఆశ పెట్టి లాక్కున్నట్టయింది. భాయ్ మీద కోపం వచ్చింది నాకు, దేవుడి మీద కోపం వచ్చింది, దుప్పటిలో పడుకున్న ఆ కొయ్యముక్క మీద కూడా కోపం వచ్చింది. వెండి కడియాలు మింగి కూర్చుందని తిట్టుకున్నాను.

తిరునాళ్ల ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక మధ్యాహ్నం మామ ఆకురాయి పని ముగించి రజను ఎత్తుతున్నాడు. రజనంటే ఆకురాయితో రుద్దినప్పుడు రాలే బంగారు పొడి. అందులో ఆకురాయి నుంచి రాలిన ఇనుప నలుసులు కూడా కలుస్తాయి. వాటిని ఏరడానికి మామ దగ్గర ఒక సూదంటురాయి ఉండేది. పొడి మీద ఆ రాయి తిప్పితే ఇనుము ఎగిరి అంటుకుంటుంది, బంగారం అంగుళం కూడా కదలదు. ఆయన జీవితమంతా రోజూ చేసిన పని అది. ఆ రోజు రాయి తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. చాలాసేపు చేతిలో రాయి చూస్తూ కూర్చున్నాడు.

"పాపా" అని పిలిచాడు నన్ను. "ఆ అటక మీదిది దించు."

దించాను. దుప్పటి తీసి, సూదంటురాయిని వెండి తీగె దగ్గరికి తెచ్చాడు. తీగె కదలలేదు. అతుకు పెట్టేటప్పుడు ముక్కలు జరగకుండా కట్టే సన్నటి ఇనుపతీగె ఒకటి ఆయన పీట కింద ఉంటుంది. దాని దగ్గరికి తెచ్చాడు. అది లేచి రాయికి అంటుకుంది. తర్వాత ఆ తీగె కొసనే రాగి చుట్టిన డబ్బీ మీద పెట్టాడు. అక్కడా అంటుకుంది.

"ఆ డబ్బీలో ఉండేది ఈ రాయే పాపా" అన్నాడు. "దానికి ఇనుమే తెలుస్తుంది. వెండి దానికి లెక్కల్యా. వాని అమ్మ కడియాలు పెట్టి వాని గొంతు మూసినాను నేను."

పరుగెత్తుకుంటూ పోయి భాయ్‌ని పిలుచుకు వచ్చాను. ఒక వెండి తీగె విప్పి ఆ ఇనుపతీగె బిగించి మీటాడు మామ. గొట్టంలోంచి ఒక్క స్వరం వచ్చింది. పొడుగ్గా, దుఃఖంగా, మనిషి గొంతు లాగే వచ్చింది. లోపల పడుకున్న మా ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇంకోసారి బిరడ తిప్పేసరికి తీగె సాగి తెగిపోయింది.

"అది మెత్తది నాయనా" అన్నాడు మా ఆయన. "ఉక్కు కావాల."

అన్నాళ్ల తర్వాత తండ్రితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఉక్కు తీగెలు యాడ దొరుకుతాయి? మామ ఇచ్చేసిన పొట్లాన్ని పాతసామాన్లవాడు అప్పటికే ఎక్కడో అమ్మేసుకున్నాడు. భాయ్ మద్రాసుకు జాబు రాస్తే, తీగెలు బయటి దేశం నుంచి రావాలి, నెలలు పడుతుందని జవాబొచ్చింది. మా ఆయన ఆ జవాబు చదివి, చొక్కా వేసుకుని, తిరునాళ్లకు రాలేనని చెప్పి వస్తానని జమ్మలమడుగు బస్సెక్కాడు.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ పని ముట్టరు. పనిముట్లు కడిగి, పూజ చేసి, వాటికి సెలవిస్తారు. మామ ఆ నియమం తప్పడం నేను ఎన్నడూ చూడలేదు. మా ఆయన వీధి మలుపు తిరగ్గానే మామ భాయ్ చేత సైకిలు చక్రం పుల్లలు కొన్ని తెప్పించాడు. తలుపు గడియ పెట్టమన్నాడు. కమ్మచ్చుకు దండం పెట్టుకున్నాడు, ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు.

పుల్లను ఎర్రగా కాల్చి బూడిదలో చల్లార్చడం, కొస సన్నం చేసి బొక్కలో దూర్చడం, పట్టకారుతో పట్టి లాగడం. మొలకు తోలు పట్టా కట్టుకుని వెనక్కి వాలి లాగాడు. బంగారం లాగేటప్పుడు చప్పుడే ఉండదు. ఇది కీచుమని అరిచింది. ప్రతి బొక్క దగ్గరా అరిచింది. నేను కమ్మచ్చును రెండు చేతులతో పట్టుకుని, గోడకు కాళ్లు తన్ని కూర్చున్నాను. ఆయన అరచేతులు కమిలిపోయాయి. కాల్చడం, లాగడం, కాల్చడం, లాగడం. చివరి బొక్కల దగ్గరికి వచ్చాక కాల్చడం మానేశాడు.

"ఇంగ కాల్చకూడదు పాపా. లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ఆ బిగువే వానికి కావాల" అన్నాడు.

సాయంత్రానికి ఆరు ఉక్కు తీగెలు గిటారుకు ఎక్కాయి. కమ్మరిపని అని ఎగతాళి చేసిన మనిషి మసి కొట్టుకుపోయి కూర్చున్నాడు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెడితే తిడతాడని మజ్జిగ ఇచ్చాను.

"భాయ్ యాడనో తెచ్చినాడని చెప్పు వానికి. నేను లాగినానని చెప్పాకు" అన్నాడు.

కమ్మరిపని చేశానని కొడుకు దగ్గర చిన్నతనం కాబోలని అనుకుని సరేనన్నాను. కమ్మచ్చును నూనెగుడ్డతో తుడుస్తూ, దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. ఎందుకు చూస్తున్నాడో అడగాలని నాకు తోచలేదు.

మా ఆయన చీకటి పడ్డాక వచ్చి, గిటారు మీది తీగెలు చూసి, భాయ్ తెచ్చాడని నేను చెప్పగానే కూర్చుని శ్రుతి చేసుకున్నాడు. మరునాడే మళ్లీ జమ్మలమడుగు పోయి, చెప్పి వచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు.

తిరునాళ్లకు మేమంతా పోయాం. నాటకంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఏడ్చే ఘట్టం ఒకటి ఉంది. అక్కడ పద్యం ఆగిపోయి, వాయిద్యం ఒక్కటే సాగాలి. మా ఆయన తువ్వాలు లేకుండా కూర్చున్నాడు. అంతమంది ముందు ఆ చేయి దీపాల వెలుగులో కనపడుతోంది. రెండు వేళ్ల మధ్య కడ్డీ తీగెల మీద జరుగుతుంటే గొట్టంలోంచి ఏడుపు వచ్చింది. జనం గొంతు కూడా సవరించుకోలేదు. నా పక్కన కూర్చున్న ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను దాచుకోలేదు, బాగా ఏడ్చాను. మామ మా దగ్గర కూర్చోలేదు. దూరంగా మైకు గొట్టం కట్టిన గుంజ కింద, తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొడుకుతో ఒకే ఒక మాట అన్నాడు.

"తీగె బాగా పలికింది."

ఆ తర్వాత మా ఇంట్లో మళ్లీ పోట్లాటలు మొదలయ్యాయి. సాయంత్రాలు గిటారు, దానికి ఎదురుగా సుత్తి, మధ్యలో నా అరుపులు. అన్నీ ముందులాగే ఉన్నాయనుకున్నాను. ఒక్కటి మాత్రం మారింది. మామ తీగె పని ఒప్పుకోవడం మానేశాడు. గొలుసులకు వచ్చినవాళ్లను వీధిలోనే ఇంకొకరి దగ్గరికి పంపేవాడు. తను రేకు కొట్టే పనీ రాళ్లు పొదిగే పనీ మాత్రం చేసేవాడు. "ఆయప్పకు చూపు తగ్గిందంట" అని వీధంతా అనుకున్నారు. ఆయన ముందే అన్నారు. ఆయన "అవునప్పా, వయసైపాయె గదా" అన్నాడు. తన పనికి పేరున్న మనిషి ఆ మాట ఎట్లా ఒప్పుకున్నాడా అని నాకు ఆశ్చర్యం. చూపు తగ్గినవాడు రవ్వంత రాయిని ఎట్లా పొదుగుతున్నాడని మాత్రం ఎవరమూ అడగలేదు.

మాకు కూతురు పుట్టింది. పులివెందులలో పురుడు పోసుకుని, బిడ్డను ఎత్తుకుని ప్రొద్దుటూరు వచ్చాను. తాత చేతి గొలుసు కావాలని నేనే పట్టుబట్టాను. ఆయన వద్దన్నాడు, ఇంకొకరితో చేయిస్తానన్నాడు. "మనవరాలికి కూడా పరాయోళ్లతో చేపిస్తావా మామా?" అని నేను కోపం చేస్తే ఇక కాదనలేకపోయాడు. రోజులు తీసుకుని చేశాడు.

గొలుసు తెచ్చి బిడ్డ మెడలో వేసేటప్పుడు నా గోరుకు ఏదో తగిలింది. తీగె పొడుగునా సన్నటి గీత. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, సూదితో గీసినట్టు ఉంది. ఎంత మెరుగు పెట్టినా పోని గీత.

"మామా, గీత పడింది" అన్నాను.

"చూపు సరిగ్గా ల్యా పాపా" అన్నాడు.

మా ఆయన గొలుసు తీసుకుని చూశాడు. వసారాలోకి పోయి కమ్మచ్చు తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. ఆయన ఫిట్టరు. ఏది దేన్ని కోస్తుందో ఆయనకు ఒకరు చెప్పక్కరలేదు. పెద్ద బొక్క నుంచి మొదలుపెట్టి చివరి బొక్క దాకా ఒక్కొక్కటే చూశాడు. గుండ్రంగా ఉండాల్సిన బొక్కలన్నీ ఒరుసుకుపోయి గాట్లు పడి ఉన్నాయి. తాత నాటి నుంచి బంగారమూ వెండీ తప్ప ఏదీ దూరని బొక్కలు. ఆయన తల తిప్పి గోడకు ఆనించిన గిటారు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను దాచలేకపోయాను. అమావాస్య నాటి సంగతి చెప్పేశాను.

"ఎందుకు నాయనా?" అన్నాడు మా ఆయన. "ఉక్కు లాగితే ఇదింగ పనికి రాదని నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసీ?"

మామ మనవరాలిని ఎత్తుకుని, గొలుసును దాని మెడలో సర్దాడు.

"ఈ వీధిలో బంగారం ఎవురైనా లాగుతారు లేరా" అన్నాడు. "ఇంట్లో నీ గొంతు మూతబడి ఉండింది. దాన్ని ఎవురు బయటికి లాగుతారు?"

మా ఆయన కమ్మచ్చును ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. రెండు వేళ్ల చేయి దాని మీద ఉంది. ఆ రోజు సాయంత్రం గిటారు తీశాడు. మామ సుత్తి తీయలేదు. మొట్టమొదటిసారి కొడుకు ఎదురుగా పీట వేసుకుని, బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని, ముగిసేదాకా విన్నాడు.

ఆ గొలుసు ఇప్పటికీ మా కూతురి మెడలోనే ఉంది. కరిగించి కొత్తది చేయించుకోమని కొట్లవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల ఇవ్వలేదు. వచ్చినప్పుడల్లా నా పక్కన పడుకుంటుంది. నాకు కళ్లు సరిగా కనపడవు. చేయి పెట్టి చూస్తే ఆ గీత నా గోరుకు తగులుతుంది.